కరగందా జెల్లషట్క విజయము

ఏ యంత్రం రేయింబవళ్ళు గుర్రుగుర్రుమంటూ బుడగలు పంపి మూడు తరాల గప్పీ చేపలకు ప్రాణవాయువు పోసిందో, ఏ యంత్రం కరెంటు పోయిన పూట తప్ప ఏనాడూ విధి తప్పలేదో, ఆ గాలిమోటారుకు ముందుగా నమస్కారం. అది ఆగితే ఈ కథ లేదు.

స్థలం కరగందా నగరం, మైకుదుక్ పేట, అయిదంతస్తుల సిమెంటు పలకల ఇల్లు, మూడో అంతస్తు, ముప్పై ఎనిమిదో నంబరు వాటా. కాలం నవంబరు పద్దెనిమిది, శుక్రవారం, సాయంత్రం ఆరు దాటి పది నిమిషాలు. వెలుపల సున్నాకు పద్నాలుగు డిగ్రీలు దిగువ. లోపల ఇరవై మూడు ఎగువ. ఆ వాటా నడిగదిలో, కిటికీకీ టీవీకీ మధ్య, ఇనపబల్ల మీద, ఎనభై సెంటీమీటర్ల పొడవు, ముప్పై అయిదు వెడల్పు, నలభై లోతు గల సముద్రమొకటి నూటపన్నెండు లీటర్ల మేర ఘూర్ణిల్లుతోంది. దాని ఏలిక తుర్లిబెక్.

తుర్లిబెక్‌కు అరవై ఒక్క ఏళ్ళు. బొగ్గుగనిలో ముప్పై ఒక్క సంవత్సరాలు పంజరం యంత్రం నడిపాడు. అంటే పొద్దున్న ఆరింటికి మనుషులను ఆరువందల మీటర్లు భూమిలోకి దింపడం, మధ్యాహ్నం రెండింటికి మళ్ళీ పైకి తేవడం. ఎంతమందిని దింపాడో అంతమందినీ తెచ్చాడు. అందుచేత పాతాళావరోహణదక్షుడు, ఉక్కుతాళ్ళ సారథి అనే బిరుదులు అతనికి చెల్లుతాయి. ఎవరూ ఇవ్వలేదు కాబట్టి కథకుడే ఇస్తున్నాడు. రిటైరైన మూడో రోజున ఈ చేపల తొట్టి కొన్నాడు. పొద్దున్న ఆరింటికోసారి, మధ్యాహ్నం రెండింటికోసారి దాని ముందుకొచ్చి నిలబడతాడు. ఎందుకని ఎవరూ అడగలేదు.

ఆ శుక్రవారం సాయంత్రం అతని భార్య కమ్‌షాత్, రొట్టెల ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్ళు షిఫ్టు పెద్దగా ఉండి రెండువందల మందిని కనుచూపుతో నడిపిన కమ్‌షాత్, నడుమున చేతులు పెట్టుకుని తొట్టి ముందు నిలిచింది. నీళ్ళలో నలభై గప్పీలు తిరుగుతున్నాయి. అడుగున గోధుమరంగు బురద, వేలి మందాన.

"ఏమయ్యా, ఇది తొట్టా, మురిక్కాలవా?"

"మురికి కాదే. తిని వదిలేసిన తిండి."

"మా వంటింట్లో దాన్ని మురికనే అంటాం. ఈ ఆదివారం కాక పై ఆదివారం బల్ఖాష్ నుంచి వియ్యంకులొస్తున్నారు, గుర్తుందా? పిల్ల పెళ్ళయ్యాక మనింటికి రావడం ఇదే మొదలు. ఆయన చేపల ఫ్యాక్టరీ పడవల మీద ముప్పైయేళ్ళు చేసిన మనిషి. మర్యాదగా పై స్థానంలో కూచోబెడతామా, తల ఎత్తగానే ఏం కనబడుద్ది ఆయనకి?"

"కడుగుతాలే."

"ఆగస్టులో కడిగావు. మూడ్రోజులు మెరిసింది. నాలుగోరోజు మళ్ళీ ఇదే. విను. నడవలో నలభై కిలోల క్యాబేజీ పడుంది. ఊరబెట్టే పీపా పగిలింది. వాళ్ళొచ్చే ఆదివారం మధ్యాహ్నానికి ఈ అడుగు నా కంటికి కనబడకపోతే నీ గప్పీలు పక్కింటికి, క్యాబేజీ ఈ తొట్లోకి. ఉప్పేసి, పైన రాయి పెడతా. గాజుకి పులుపు కూడా అంటదు."

శపథం అయిపోయింది. గాలిమోటారు ఒక్క క్షణం తడబడినట్టు తుర్లిబెక్‌కు అనిపించింది.

ఆ రాత్రి అతడు సేనను సమీక్షించాడు. పైపొరలో గప్పీలు, నడిపొరలో గప్పీలు. అడుగున ఒక్క ప్రాణి లేదు. పైనుంచి రాలేది రాలినట్టే పడి ఉంటోంది. గనిలోనైనా, నీటిలోనైనా అడుగున మనుషులు లేని చోట పని జరగదు. కాబట్టి అధఃస్థలవాసి యోధులు కావాలి. ఎవరు, ఎందరు, ఏ జాతివారు? ఇదే ఈ కథలోని యుద్ధం.

శనివారం తొమ్మిదింటికి అతడు బజారు చేరాడు. మేజోళ్ళ కొట్లకూ బ్యాటరీల కొట్లకూ నడుమ చేపల వరస. మొదటి బల్ల దగ్గర రఫ్కాత్, గొంతు మూడు వరసల దూరం పోయే మనిషి. రెండో బల్ల దగ్గర ఎమ్మా ఫ్రిడ్రిహొవ్నా. ఆమెకు డెబ్బై నాలుగు. ఈ పేటలో సగం మందికి రసాయనశాస్త్రం చెప్పింది. తుర్లిబెక్ కూతురికి అయిదుకి మూడు మార్కులు వేసింది. ఇప్పుడు ఇంట్లో పెంచిన చేపలు తెచ్చి అమ్ముతుంది. పిలవదు, అరవదు, అల్లుకుంటూ కూచుంటుంది.

"అన్నా, ఇలా రా!" అని రఫ్కాత్ శంఖారావం చేశాడు. "అడుగున తిరిగేది కావాలా? ఇదుగో, సక్కర్ చేప. మూతి చూడు మూతి! ఒక్కటేస్తే చాలు. గాజు నాకుద్ది, రాళ్ళు నాకుద్ది, వదిలేస్తే నీ తలుపు గొళ్ళెం కూడా నాకుద్ది."

వేలంత చేప సీసా గోడకు అంటుకుని ఉంది. తుర్లిబెక్ వంగి చూశాడు. తరతరాలుగా తన ప్రజలు ఇంట్లోకి ఎవరిని తెచ్చుకున్నా ముందు అడిగే ప్రశ్నే అడిగాడు.

"దీని తండ్రెవరు? ఎక్కడివాళ్ళు?"

"చేపకి పిల్లనిస్తున్నావా ఏంటన్నా?"

"ఇంటికి తీసుకెళ్ళేదాని ఏడు తరాలు కనుక్కోవద్దా?"

"తాతల సంగతి నాకు తెలీదుగానీ, తండ్రి మాత్రం పెద్దాయన."

"ఎంత పెద్దాయనో కూడా చెప్పు, రఫ్కాత్," అంది ఎమ్మా ఫ్రిడ్రిహొవ్నా, అల్లిక మీంచి కళ్ళు ఎత్తకుండా.

"టీచరమ్మా, మీ బేరం మీరు చూసుకోండి."

"నలభై సెంటీమీటర్లు," అందామె. "తుర్లిబెక్, నీ తొట్టి వెడల్పెంత?"

"ముప్పై అయిదండీ."

"రెండేళ్ళు పోయాక అది వెనక్కి తిరగాలంటే మీ వంటింట్లోకెళ్ళి తిరిగి రావాలి."

రఫ్కాత్ ఓడిపోయే రకం కాదు. సీసా మార్చాడు. "పోనీ, ఇది చూడన్నా, పులి చారలు! ఒంటి మీద నారింజ రంగు!"

"అది జానెడు దాటుద్ది. గుంపు కావాలి. అలాంటివి అయిదుంటే నీ గప్పీలు నీళ్ళు తాగడానికి కూడా చోటుండదు," అంది ఎమ్మా.

"సరే, ఇది! పాములా సన్నగా ఉంది, పెరగదు. దీనికేం వంక పెడతారో చూద్దాం!"

"వంకేం లేదు. మంచి చేప. పగలంతా ఇసకలో దూరి ఉంటుంది. ఆర్నెల్లకోసారి కనబడితే, ఓహో ఇంకా ఉందన్నమాట అనుకోవచ్చు."

తుర్లిబెక్ తల అడ్డంగా ఊపాడు. ఇంట్లో దిగి ఆర్నెల్లు ముఖం చూపని అతిథిని అతని వంశంలో ఎవరూ భరించలేదు.

అప్పుడు అతని దృష్టి ఎమ్మా బల్ల కింద, ఉన్ని శాలువ చుట్టిన గాజుపాత్ర మీద పడింది. ఆ పాత్ర అడుగున ఆరు చేపలు వరస తీరి ఉన్నాయి. ఒక్కొక్కటీ నాలుగు సెంటీమీటర్లు. ఒంటి మీద పొలుసులకు బదులు పలకలు, కవచం తొడిగినట్టు; ఆ కవచం మీద చుక్కలు; మూతి కింద మీసాలు. కవచధారులై, శ్మశ్రుమంతులై, ఉదరములను నేలకానించి, అన్యోన్యపార్శ్వరక్షకులై నిలిచిన ఆ చుక్కల జెల్లలను చూసి పంజరసారథి గుండె ఒక మీటరు కిందికి దిగింది. గని మెట్ల దగ్గర, షిఫ్టుకు ముందు, మనుషులు సరిగ్గా అలాగే నిలబడేవారు.

అందులో ఒకటి అతన్ని చూసి కన్ను గీటింది.

"టీచరమ్మగారూ, ఇది నాకు కన్ను కొట్టింది."

"నీక్కాదు. వాటికది అలవాటు. కన్ను కిందికి తిప్పుతాయి. అడుగున రాళ్ళా, ఇసకా?"

"గ్రానైట్ ముక్కలండీ. డిపో కట్టినప్పుడు మిగిలినవి."

"అంచులు కోసుకుంటాయా?"

"కొంచెం."

"అయితే ఇవ్వను."

వరసలో తలలన్నీ ఇటు తిరిగాయి. బజారులో డబ్బు చేతపట్టుకుని నిలబడ్డవాడికి సరుకు లేదనడం రఫ్కాత్ పుట్టి ఎరగడు.

"ఆ మీసాలతోనే అవి తిండి వెతుక్కుంటాయి. నీ రాళ్ళ మీద నెల తిరక్కుండా అరిగిపోతాయి. మీసం పోయిన జెల్ల, చేతుల్లేని మనిషి ఒకటే. ఇసక పరిచి, నీళ్ళు మూడ్రోజులు తేరనిచ్చి, బుధవారం రా."

"ఒకటైనా ఇవ్వండి. ఇంటావిడకి చూపించుకోవాలి."

"ఒకటి అసలివ్వను. ఆరుకి తక్కువ ఎవరికీ ఇవ్వను. సొంతవాళ్ళు పక్కన లేకపోతే మూల చేరి తిండి మానేస్తుంది."

"మా మామలాగే," అన్నాడు తుర్లిబెక్.

"ఇంకో మాట. చెవి ఇటు పెట్టు. ఇవి మురికి తినవు. ఏ చేపా మురికి తినదు. పైవాటి నోరు తప్పి రాలిన మెతుకు తింటాయి, ఇసక కెలుకుతాయి. సాయంత్రం నీళ్ళలో మునిగే తిండిమాత్ర ఒక్కటి వెయ్యి. ఆరింటికీ కలిపి ఒక్కటి."

ఈ ఆఖరి మాట తుర్లిబెక్ చెవి దాకా వచ్చింది. అక్కడే ఆగింది.

మర్నాడు ఆదివారం, ఇసుక యుద్ధం. పద్దెనిమిది కిలోల నది ఇసుక, స్నానాల తొట్టి, రబ్బరు గొట్టం. గప్పీలను తొమ్మిది సీసాల్లోకి తరలించాడు. గ్రానైటు మూడు బకెట్లలో మెట్లు దిగింది. ఇసుకను ఒకసారి కడిగితే నీళ్ళు టీలా వచ్చాయి. అయిదోసారి నీళ్ళు ఎక్కువైన టీలా వచ్చాయి. పదకొండోసారి నీళ్ళు నీళ్ళలా వచ్చాయి.

వంటింట్లోంచి కేక వినబడింది. "నా పిండి జల్లెడేది?"

"కమ్‌షాత్, మహాకార్యం జరిగేటప్పుడు..."

"జల్లెడ!"

"ఇసకలో ఉంది."

"మహాకార్యానికి నీ బనీను వాడుకోవాల్సింది. నా జల్లెడే దొరికిందా నీకు?"

సాయంత్రానికి తొట్టి అడుగు మెరిసింది. కమ్‌షాత్ చూసింది, పెదవి విరిచింది. "ఇవాళ మెరవడం గొప్పా? ఆగస్టులోనూ మెరిసింది. వాళ్ళొచ్చే ఆదివారం చూస్తా."

బుధవారం వెలుపల మైనస్ పంతొమ్మిది. ఎమ్మా ఫ్రిడ్రిహొవ్నా ఆరు జెల్లలను ఒక సంచిలో పోసింది. మూడో వంతు నీళ్ళు, మిగతాది గాలి. "చలి తగిలితే పోతాయి. ఒంటికి ఆనించి పట్టుకో" అంది. తుర్లిబెక్ సంచిని స్వెటరు లోపల, ఎడమ చంకకీ పక్కటెముకలకీ మధ్య పెట్టుకుని, పైన కోటు బొత్తాలు బిగించి, కుడి చేత్తో ఎడమ ఛాతీని అదుముకుని బస్సెక్కాడు. ప్రయాణం నలభై నిమిషాలు. హిమవాయుశరపరంపర కిటికీ సందులగుండా దూసుకొస్తుండగా, ఒక చేయి కమ్మీకి, ఒక చేయి జెల్లలకు అర్పించిన ఆ వీరుడు రెండో స్టాపు దాటక ముందే శత్రువుల కంటపడ్డాడు. శత్రువులంటే దయగలవారు.

"అయ్యో, పెద్దాయన గుండె పట్టుకున్నాడు!" అంది ఎదురు సీటులోని ఆవిడ. "లేవండర్రా, చోటివ్వండి!"

"నాకేం లేదమ్మా."

"అందరూ అలాగే అంటారు. మా ఆయనా అలాగే అన్నాడు. నోరు తెరువు బాబాయ్."

ఆమె తన చేతిసంచిలోంచి గుండెనొప్పి మాత్ర తీసింది. తుర్లిబెక్ చేతులు రెండూ పనిలో ఉన్నాయి. అడ్డుకోలేకపోయాడు. మాత్ర నాలుక కిందికి వెళ్ళింది. పిప్పరమెంటు ఘాటుకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"చూశారా, ఏడుస్తున్నాడు," అంది ఆవిడ. "నొప్పి ఎక్కువైంది."

పక్కనున్న టోపీ మనిషి చెవి దగ్గరపెట్టాడు. "అన్నా, నీ ఛాతీలో నీళ్ళ చప్పుడవుతోంది!"

"చేపలు," అన్నాడు తుర్లిబెక్.

"ఏంటి?"

"ఆరు జెల్లలు. మీసాలున్నవి. చలికి పోతాయని."

బస్సులో సగం మంది ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆవిడ నిట్టూర్చింది.

"మతి కూడా పోతోంది పాపం. ఇంకో మాత్ర వెయ్యండి."

రెండు మాత్రలతో, ఒక మనిషి మఫ్లరుతో, డ్రైవరు ప్రత్యేకంగా ఆపిన స్టాపులో అతడు దిగాడు. ఇంట్లో సంచిని ఇరవై అయిదు నిమిషాలు తొట్టి నీళ్ళ మీద తేలనిచ్చాడు. తర్వాత ముడి విప్పాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు: ఆరూ కిందికి దిగాయి. ఇసుకను తాకాయి. మీసాలు కదిలాయి.

కమ్‌షాత్ తుండుగుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసింది.

"ఇంతేనా? నా బొటనవేలంత లేవు." తొట్టి మీదికి వంగింది. "మీసాలున్నాయే వీళ్ళకి. పెద్దమనుషుల్లా ఉన్నారు."

పతనం ఈ మాటతో మొదలైంది.

శుక్రవారం పొద్దున్న ఆరింటికి తుర్లిబెక్ తొట్టి దీపం వేశాడు. అడుగు కనబడలేదు. ఇసుక మీద బూజుపొర, వెనుకటి బురదకంటే మందం. జెల్లలు పొట్టలు ఉబ్బి మూలన పడి ఉన్నాయి. అతడు కళ్ళద్దాలు పెట్టుకుని, రణస్థలాన్ని పరిశీలించి, దొరికినవాటిని ఒక్కొక్కటిగా గుర్తించాడు: కరగని మాత్రలు మూడు, దోసకాయ చక్రం ఒకటి, నూనెలో వేయించిన బౌర్సాక్ పిండిముద్ద బఠాణీ గింజంత, గుడ్డు పచ్చసొన విరివిగా.

వెనక అడుగుల చప్పుడైంది. కమ్‌షాత్ ఒక చేయి తుండుగుడ్డ చాటున పెట్టుకుని నిలబడి ఉంది.

"చేతిలో ఏంటది?"

"ఏం లేదు."

"పచ్చసొన."

"ఉడకబెట్టిందేలే."

"నేను మాత్రలేస్తున్నాగా కమ్‌షాత్!"

"మాత్రలు! వాళ్ళేమన్నా జబ్బుచేసి వచ్చారా? ఇంట్లో అడుగుపెట్టి రెండ్రోజులు కాలేదు. నీ గప్పీలు తిని ఉమ్మేసింది వీళ్ళు ఏరుకు తినాలా? నా గుమ్మం దాటి వచ్చినవాళ్ళు ఎంగిలి తిన్నారని బయటికి తెలిస్తే నా ముఖం ఎక్కడ పెట్టుకోను?"

"బయటికి ఎవరు చెప్తారే? జెల్లలా?"

"నాకు తెలుసుగా. అది చాలు." ఆమె కళ్ళు సన్నబడ్డాయి. రొట్టెల ఫ్యాక్టరీలో పిండి తూకం తగ్గినప్పుడు సన్నబడ్డట్టే. "నువ్వెన్నేస్తున్నావు?"

"ఒకటి."

"తుర్లిబెక్."

"పొద్దున్న ఆరింటికి రెండు. మధ్యాహ్నం రెండింటికి రెండు." అతడు నేల చూశాడు. "అడుక్కి దిగే మనిషి ఖాళీ కడుపుతో దిగకూడదు."

ఇద్దరూ తొట్టి వైపు తిరిగారు. ఆదివారం మధ్యాహ్నం రెండింటికి ఇంకా యాభై ఆరు గంటలున్నాయి. ఎమ్మా ఫ్రిడ్రిహొవ్నాకు ఫోను చేశారు. ఆమె మొత్తం విన్నది.

"తుర్లిబెక్, జెల్ల కడుపెంతుంటుందో తెలుసా?"

"తెలీదండీ."

"దాని కన్నంత. నువ్వూ మీ ఆవిడా కలిసి కంట్లో కోడిగుడ్డు దూరుస్తున్నారు. సగం నీళ్ళు మార్చు. గొట్టంతో అడుగు లాగెయ్. ఆదివారం సాయంత్రం దాకా ఏమీ వెయ్యకు. గప్పీలకీ వద్దు. మెతుకు కూడా వద్దు."

"మూడ్రోజులా? ఇంటికొచ్చినవాళ్ళని మూడ్రోజులు పస్తు పెట్టమంటారా?"

"చేపలు, తుర్లిబెక్. చేపలు." ఫోను పెట్టేసింది.

గనిలో తాడు జారిన రోజు ఒకటుంది. బాయిలరు పేలిన రోజు ఒకటుంది. ఆ రెండు రోజులూ తుర్లిబెక్ మీట మీంచి చేయి తీయలేదు. కాని ఆతిథ్యధర్మపరాయణులైన పన్నెండు తరాల పూర్వులు వెనక నిలబడి "పెట్టరా, పెట్టు" అని అరుస్తుండగా, అన్నంపెట్టే చేతిని అన్నం పెట్టకుండా యాభై ఆరు గంటలు ఆపడమనే యుద్ధం అతడు చేసి ఎరగడు. మాత్రల డబ్బాను కమ్‌షాత్‌కు అప్పగించాడు. కమ్‌షాత్ దాన్ని క్యాబేజీ మూట అడుగున పెట్టి, మూట మీద కుర్చీ వేసింది.

శుక్రవారం రాత్రి భోజనానికి కూచోగానే ఆరు జెల్లలు గాజు దగ్గరికొచ్చాయి. మీసాలు ఆడించాయి. కమ్‌షాత్ చెంచా దించేసింది.

"వాళ్ళు చూస్తుంటే నాకు ముద్ద దిగడం లేదు."

"నాకూ అంతే."

ఆమె లేచి తొట్టికి తుండుగుడ్డ కప్పింది. ఇద్దరూ గబగబా తిన్నారు. తుండుగుడ్డ వెనక ఎవరో తమను క్షమించడం లేదని ఇద్దరికీ తెలుసు.

శనివారం మధ్యాహ్నం రెండింటికి తుర్లిబెక్ గుడ్డ తొలగించాడు. ఉబ్బిన పొట్టలు తగ్గాయి. జెల్లలు వరస కట్టి ఇసుకలో మూతులు దూర్చి, మింగి, మొప్పల్లోంచి ఇసుకను వదులుతూ ముందుకు కదులుతున్నాయి. ఒకటి ఆగితే అయిదూ ఆగుతున్నాయి. ఆరుగురు మనుషులు ఒక గోడ తవ్వుతున్నట్టే ఉంది. వాటి వెనక ఇసుక కనబడుతోంది, ఇసుక రంగులో.

"కమ్‌షాత్! పని మొదలెట్టారు!"

ఆదివారం రెండింటికి వియ్యంకుడు దోసాన్, వియ్యపురాలు వచ్చారు. దోసాన్‌కు అరవై ఎనిమిది. జీవితంలో చేపను టన్నుల్లో తప్ప చూడలేదు. శీతాకాలానికని కోసిన గుర్రపు మాంసం బల్ల మీద పొగలు కక్కుతోంది. ఆయన్ను పై స్థానంలో కూచోబెట్టారు. ఎదురుగా తొట్టి. మాంసం సగం అయ్యాక ఆయన దాన్ని చూశాడు.

"బావగారూ, ఏంటవి?"

"జెల్లలండీ."

"పెద్దయ్యాక ఎంతవుతాయి?"

"ఇంకో రెండు సెంటీమీటర్లు."

దోసాన్ ఆలోచించాడు. "ఎండబెడతారా?"

"లేదండీ."

"పొగబెట్టడం?"

"లేదు. చూస్తాం."

"చూస్తారు," అన్నాడు దోసాన్. "మా బల్ఖాష్ సరస్సులో ఇంత చేప వల కన్నులోంచి జారిపోతే తల కూడా తిప్పం. సరే, ఏం తింటాయి?"

తుర్లిబెక్ నోరు జారాడు. "పైనుంచి రాలింది."

"రాలిందా! మీ ఇంట్లోనా, బావగారూ!"

కమ్‌షాత్ ముఖం ఎర్రబడింది. దోసాన్ లేచాడు. పళ్ళెంలోంచి కజీ ముక్క, అంటే పేగులో కూరిన గుర్రపు మాంసం ముక్క, తీసి, దాని అంచునున్న కొవ్వును గోరంత తుంచి, నాలుగడుగులు నడిచి, తొట్టి మూత ఎత్తి, చేయి చాపాడు. కొవ్వుకీ నీటికీ మధ్య దూరం ముప్పై సెంటీమీటర్లు. ఆ కొవ్వు పడితే నీటి మీద జిడ్డు తెట్టె, నలభై గప్పీల తోపులాట, ఇసుక మీద మరక. ఇంకా భోజనం ముగియలేదు; కమ్‌షాత్ అడుగును ఇంకా తీర్పు కోసం చూడలేదు. నడవలో క్యాబేజీ కాచుకుని ఉంది. కాని పెట్టే అతిథి చేతిని పట్టుకుని ఆపడమా? కరగందా కట్టిన నాటినుంచి ఆ పని ఎవరూ చేయలేదు. ఇరవై అయిదు సెంటీమీటర్లు. ఇరవై. ఆరు జెల్లలూ పైకి చూశాయి.

"బావగారూ!" అని తుర్లిబెక్ కేక వేశాడు. "బాతా!"

చేయి ఆగింది. "ఏం బాతా?"

"వాళ్ళ భోజనం మీరొచ్చే ముందే అయిపోయింది. కానీ దీవించి ముగించే పెద్దమనిషి లేడు ఇంట్లో. నేను మీకన్నా ఏడేళ్ళు చిన్న. మీరుండగా నేను చెప్పకూడదుగా?"

భోజనం చివర పెద్దవాడు రెండు అరచేతులూ తెరిచి చెప్పేది బాతా. అది అయ్యాక ఆ పంక్తిలో ముద్ద ఎవరూ ముట్టరు. రెండు అరచేతులూ తెరవాలి. దోసాన్ తన కుడి చేతిని చూశాడు. వేళ్ళ మధ్య కొవ్వుంది. వెనక్కి చూశాడు, పళ్ళెం నాలుగడుగుల దూరంలో ఉంది. పెద్దమనిషి అటూ ఇటూ తిరుగుతాడా? కొవ్వును తన నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. ఇరవై రెండు సెకన్లు పట్టింది. అప్పుడు అరచేతులు తెరిచి, తొట్టి వైపు తిరిగి, సరస్సు మీద పడవలకు వినబడే గొంతుతో ఇలా పలికాడు:

"ఓ అధోలోకవాసులారా! మీ ఇసుక మెత్తనై ఉండుగాక! మీ మీసము అరగకుండుగాక! మీ పైన సంచరించువారు మీకు మెతుకే రాల్తురు గాక, మాట రాల్చకుందురు గాక! ఆర్వురు అరువది మంది అగుదురు గాక! తెగ చీలకుండుగాక! బల్ఖాష్ వల మీ జాడ ఎరుగకుండుగాక! ఎరిగెనేని, దాని కన్ను మీకన్న పెద్దదగు గాక!"

"ఆమీన్," అన్నారు అందరూ. అరచేతులతో ముఖాలు తుడుచుకున్నారు.

సరిగ్గా అప్పుడు వియ్యపురాలు బౌర్సాక్ చిదిమి లేవబోయింది. "పాపం, నేనూ కొంచెం..."

"కూచో," అన్నాడు దోసాన్. "బాతా అయింది. ఇక వాళ్ళకి ఎవరూ ఏమీ పెట్టకూడదు." ఆయన గాజుకు ముక్కు ఆనించి ఇంకాసేపు చూశాడు. "అడుగు ఎంత చక్కగా కనబడుతోంది, బావగారూ! ముప్పైయేళ్ళు సరస్సు మీద తిరిగాను. అడుగెలా ఉంటుందో ఇవాళే చూశాను."

కమ్‌షాత్ వచ్చి ఆయన పక్కన నిలబడింది. తొట్టి అడుగును ఈ చివరినుంచి ఆ చివరిదాకా చూసింది. టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళింది. తుర్లిబెక్ వెనకే వెళ్ళాడు.

"మూడ్రోజులు పస్తుపెట్టి, భోజనమైపోయిందని పెద్దమనిషితో చెప్తావా? సిగ్గులేదూ?" అంది ఆమె, గొంతు తగ్గించి. నవ్వాపుకోలేక పొయ్యి వైపు తిరిగింది. "సాయంత్రం ఒకటెయ్యి. ఒక్కటే. డబ్బా కుర్చీ కింద ఉంది."

"సరే."

"రేపు బజారుకెళ్ళు."

"మాత్రలకా?"

"పీపాకి."

కాబట్టి దిక్కులు వినుగాక, గాలిమోటారు సాక్షిగా ప్రకటించడమైనది: నవంబరు ఇరవై ఏడు, ఆదివారం, మధ్యాహ్నం మూడు గంటల ఇరవై నిమిషాలకు, కరగందా నగరం మైకుదుక్ పేటలో, మూడో అంతస్తున, గోరంత కొవ్వు ముక్క నీళ్ళలో పడలేదు.